బ్రిటన్ ఆసుపత్రుల వెయిటింగ్ లిస్టు: ఒక జాబితా చరిత్ర

వైద్యం ఉచితంగా అందే చోట రోగి డబ్బుకు బదులు కాలాన్ని చెల్లిస్తాడని ఆర్థికవేత్తలు తరచుగా అంటారు. ఈ మాట రాగానే అందరి దృష్టీ బ్రిటన్ మీదికి, అక్కడ 1948 జూలై 5న మొదలై ఎన్‌హెచ్‌ఎస్ అన్న పొడి అక్షరాలతో లోకమంతటికీ తెలిసిన నేషనల్ హెల్త్ సర్వీస్ మీదికి మళ్లుతుంది. అయితే అక్కడి వెయిటింగ్ లిస్టు, అంటే ప్రాణాపాయం లేని శస్త్రచికిత్సల కోసం పేరు రాయించుకుని పిలుపు కోసం ఎదురుచూసేవారి జాబితా, ఎన్‌హెచ్‌ఎస్‌తో పుట్టినదీ కాదు, ఉచిత వైద్యం ఒక్కదానివల్లనే పెరిగినదీ కాదు. ఆ జాబితా ఏ కాలంలో ఎవరి చేతిలో ఉండేది, అందులో ఎవరి పేరు లెక్కకు వచ్చేది, ఎవరి పేరు రాకుండా పోయేది అన్నది పరిశీలిస్తే తప్ప దాని పెరుగుదలా తరుగుదలా అర్థం కావు.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పేదవాడికి ఆసుపత్రి అంటే రెండే దారులు. ఒకటి దాతల చందాలతో నడిచే వాలంటరీ ఆసుపత్రి, రెండోది పేదల చట్టం కింద స్థానిక పన్నులతో నడిచే, నిరాశ్రయుల శిబిరానికి అనుబంధంగా ఉన్న వైద్యశాల. మొదటి రకం ఆసుపత్రిలో చేరాలంటే, ప్రమాదంలో గాయపడినవాడైతే తప్ప, చందాదారుల్లో ఒకరి నుంచి సిఫారసు ఉత్తరం తెచ్చుకోవలసి వచ్చేది. ఏడాదికి ఇన్ని గినీలు చందా కట్టిన పెద్దమనిషికి ఇన్ని ఉత్తరాలు రాసే హక్కు ఉండేది. కాబట్టి రోగి మొదట ఎదురుచూసింది వైద్యుడి గుమ్మం ముందు కాదు, దాత గుమ్మం ముందు. 1828లో విలియం మార్స్‌డెన్ అనే శస్త్రవైద్యుడు లండన్‌లో ఉత్తరం అడగని ఆసుపత్రిని స్థాపించడం అప్పట్లో పెద్ద విశేషం కావడానికి కారణం ఇదే. అదే తరువాత రాయల్ ఫ్రీ హాస్పిటల్‌గా ప్రసిద్ధికెక్కింది. 1846లో మత్తుమందు వాడకం మొదలై, 1867లో జోసెఫ్ లిస్టర్ క్రిమిరహిత శస్త్రచికిత్సా పద్ధతిని ప్రకటించిన తరువాత, అంతవరకు భరించడమే తప్ప వేరే మార్గం లేని గిలక, టాన్సిల్స్, గర్భసంచి జారడం వంటి బాధలు కత్తితో నయం చేయదగినవయ్యాయి. ఉత్తరాల పద్ధతి క్రమంగా సడలిపోయి, దాని స్థానంలో మంచం ఖాళీ కోసం ఎదురుచూసే పద్ధతి వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలానికి వెయిటింగ్ లిస్టు వాలంటరీ ఆసుపత్రుల వార్షిక నివేదికల్లో మామూలు మాట అయింది, చందాలు అడగడానికి పనికివచ్చే మాట కూడా అయింది.

ఈ కథలో అంతగా చెప్పుకోని ఘట్టం 1939 సెప్టెంబరుది. యుద్ధం మొదలుకాగానే జర్మన్ విమానదాడుల్లో లక్షల మంది గాయపడతారన్న అంచనాతో ప్రభుత్వం అత్యవసర వైద్య వ్యవస్థను ఏర్పాటు చేసి, మంచాలు ఖాళీ చేయించింది. యుద్ధకాలపు సామాజిక విధానాల చరిత్ర రాసిన రిచర్డ్ టిట్‌మస్ లెక్క ప్రకారం ఒకటి రెండు రోజుల్లోనే దాదాపు 1,40,000 మంది రోగులను ఇళ్లకు పంపేశారు. వారిలో క్షయరోగులూ ఉన్నారు. ఊహించిన దాడులు ఆ శీతాకాలంలో రాలేదు. పరచిన పక్కలు నెలల తరబడి ఖాళీగా ఉంటే, రోగులు బయట ఎదురుచూశారు. అయితే ఆ అత్యవసర వ్యవస్థ ఇంకొక పని కూడా చేసింది. పెద్ద నగరాల నిపుణులు జిల్లాల్లోని పాత పేదల వైద్యశాలల్లో పనిచేయవలసి వచ్చి, అక్కడి దుస్థితిని తొలిసారి కళ్లారా చూశారు. యుద్ధానంతరం ఆసుపత్రులన్నిటినీ జాతీయం చేస్తామని ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవాన్ అన్నప్పుడు ఆ ఆలోచన అసాధ్యంగా తోచకపోవడానికి ఈ అనుభవం కొంత కారణం.

ఎన్‌హెచ్‌ఎస్ తన మొదటి రోజున ఇంగ్లండు, వేల్స్‌లలో 2,600కు పైగా ఆసుపత్రులను, వాటితో పాటు సుమారు 5 లక్షల పేర్ల వెయిటింగ్ లిస్టునూ వారసత్వంగా అందుకుంది. ఇది ఏళ్లుగా పేరుకుపోయిన బాకీ మాత్రమేననీ, దాన్ని ఒకసారి తీర్చేస్తే జాబితా దానంతట అదే కరిగిపోతుందనీ అప్పటి పాలకులు నమ్మారు. ఆ నమ్మకం నిలవలేదు. డబ్బు భయంతో దశాబ్దాలుగా జబ్బును కొంగుచాటున దాచుకున్న స్త్రీలు, ముఖ్యంగా భర్తల పేర నడిచే కార్మిక బీమాలో చోటులేని గృహిణులు, తొలిసారి వైద్యుడి దగ్గరికి వచ్చారు. అంతేకాక శస్త్రవిద్య ఆగి నిలబడలేదు. 1949 నవంబరులో హెరాల్డ్ రిడ్లీ లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శుక్లం తీసిన కంట్లో కృత్రిమ కటకాన్ని అమర్చాడు. 1962లో లాంకషైర్‌లోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ ఆధునిక తుంటి మార్పిడికి రూపమిచ్చాడు. అంతకు ముందు తుంటి అరిగిన ముసలివారు కర్ర పట్టుకునేవారే కానీ ఏ జాబితాలోనూ ఉండేవారు కాదు. చికిత్స కనిపెట్టిన రోజునే దాని కోసం ఎదురుచూసేవారూ పుట్టుకొస్తారన్న సంగతి ఆ తరువాతి అరవై ఏళ్లూ ఆరోగ్యమంత్రులను వెంటాడింది.

బాకీ తీర్చడానికి కావలసిన డబ్బు కూడా రాలేదు. ఎన్‌హెచ్‌ఎస్ దుబారా చేస్తోందన్న అనుమానంతో 1953లో నియమించిన గిల్‌బో కమిటీ 1956లో నివేదిక ఇస్తూ, అనుమానానికి విరుద్ధంగా జాతీయోత్పత్తిలో ఆరోగ్య సేవ వాటా 1949-50లో 3.75 శాతం ఉండగా 1953-54 నాటికి 3.25 శాతానికి తగ్గిందని తేల్చింది. తొలి పదేళ్లలో కొత్త ఆసుపత్రి కట్టడం దాదాపు జరగలేదు. విక్టోరియా రాణి కాలపు గోడల మధ్యనే ఇరవయ్యో శతాబ్దపు శస్త్రచికిత్స సాగింది.

అయితే డబ్బు కొరత ఒక్కటే కారణమని సరిపెట్టుకుంటే జాబితా స్వభావం తెలియదు. 1948 నుంచి దాదాపు నాలుగు దశాబ్దాల పాటు వెయిటింగ్ లిస్టు అనేది ఆసుపత్రి ఆస్తి కాదు, కన్సల్టెంటు ఆస్తి. కన్సల్టెంటు అంటే బ్రిటన్ ఆసుపత్రుల్లో స్వతంత్రంగా రోగులను స్వీకరించే అధికారం గల పెద్ద నిపుణుడు. ప్రతి కన్సల్టెంటుకూ తనదైన జాబితా ఉండేది. అది ఆయన కార్యదర్శి బల్ల మీది అట్టకార్డుల పెట్టెలోనో, ఒక పుస్తకంలోనో ఉండేది. ఏ వారం ఎవరిని పిలవాలన్నది ఆయన నిర్ణయం, కొన్నిచోట్ల కార్యదర్శి నిర్ణయం. ఒకే ఊళ్లో ఒకే ఆపరేషన్‌కు ఒకరి జాబితాలో ఆరు వారాలు పడితే, పక్క గది నిపుణుడి జాబితాలో రెండేళ్లు పట్టేది. ఆ సంగతి రోగికి గాని, అతణ్ణి పంపిన కుటుంబ వైద్యుడికి గాని తెలిసేది కాదు. పొడవైన జాబితా వైద్యుడి ప్రతిష్ఠకు గుర్తుగా చెలామణి అయ్యేది, మరిన్ని మంచాలు అడగడానికి ఆధారంగా ఉపయోగపడేది. పైగా 1948 ఒప్పందంలో భాగంగా కన్సల్టెంట్లు ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తూనే సొంత ప్రాక్టీసు చేసుకునే వీలును బెవాన్ అలాగే ఉంచాడు. ఉచిత వరుస ఎంత పొడవైతే డబ్బిచ్చి ముందుకు వచ్చేవారు అంత పెరుగుతారన్నది ఎవరికైనా అర్థమయ్యే లెక్కే. ఆసుపత్రి జాబితాలను ఏళ్ల తరబడి పరిశీలించి 1987లో పుస్తకం వెలువరించిన జాన్ యేట్స్ వంటి పరిశోధకులు ఈ బాహాటమైన రహస్యాన్ని అంకెలతో ముందుకు తెచ్చారు. కన్సల్టెంట్లందరూ స్వార్థపరులని దీని అర్థం కాదు. జాబితా తగ్గించినందుకు ఎవరికీ లాభం లేని, పెరిగినందుకు ఎవరికీ నష్టం లేని ఏర్పాటులో అది పెరగకుండా ఉండటమే వింత.

ఈ కార్డుల పెట్టెలను ఎవరైనా పనిగట్టుకుని తిరగేసినప్పుడు మరొక విషయం బయటపడేది. ఇంకా ఆపరేషన్ కావాలా అని జాబితాలోని వారికి ఉత్తరాలు రాస్తే, కొందరు ఊరు మారిపోయారని, కొందరికి వేరేచోట ఆపరేషన్ అయిపోయిందని, కొందరు చనిపోయారని జవాబులు వచ్చేవి. ఇటువంటి ఏరివేతను అక్కడి పాలనాభాషలో ధ్రువీకరణ అంటారు. కొండవీటి చాంతాడంత జాబితాలో గణనీయమైన భాగం ఇలా ఉత్త పేర్లేనని తేలడం పాలకులకు ఊరట కలిగించేది. అసలు జాబితా ఎక్కడానికే ముందు ఎదురుచూసేవారి సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. కుటుంబ వైద్యుడు ఉత్తరం రాసిన నాటి నుంచి కన్సల్టెంటు ఔట్‌పేషెంటు గదిలో రోగిని చూసే నాటి వరకు గడిచిన నెలలు అధికారిక లెక్కలో లేనే లేవు. ఆపరేషన్ అవసరమని కన్సల్టెంటు రాసిన తరువాతే జాబితాలో రోజులు మొదలయ్యేవి.

1960 నుంచి 1963 వరకు ఆరోగ్యమంత్రిగా పనిచేసిన ఈనాక్ పవెల్ ఈ చిక్కును బాగా గ్రహించిన రాజకీయవేత్త. 1962లో ఆయన ప్రకటించిన హాస్పిటల్ ప్లాన్ 90 కొత్త ఆసుపత్రులను, మరో 134 ఆసుపత్రుల పునర్నిర్మాణాన్ని తలపెట్టింది. పదవి వదిలాక 1966లో వైద్యం, రాజకీయాల మీద రాసిన పుస్తకంలో మాత్రం ఆయన, ధర లేని చోట గిరాకీకి అడ్డుకట్ట వేసేది వరుసేనని, ప్రత్యేక కార్యక్రమాలతో జాబితాను కరిగించాలనుకోవడం వృథా ప్రయాస అని తేల్చేశాడు. ఈ వాదనలో కొంత నిజం ఉన్నా, తరువాతి చరిత్ర దాన్ని పూర్తిగా సమర్థించలేదన్నది ముందు ముందు తెలుస్తుంది.

తెలుగువారికి ఈ చరిత్రతో నేరుగా సంబంధం ఏర్పడింది ఈ దశలోనే. 1960, 70 దశకాల్లో బ్రిటన్ ఆసుపత్రుల్లో జూనియర్ వైద్యుల కొరతను తీర్చింది చాలావరకు భారత ఉపఖండం నుంచి వెళ్లినవారే. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో, గుంటూరులో, హైదరాబాదులోని ఉస్మానియాలో చదివిన పట్టభద్రులు వారిలో ఉన్నారు. భారతీయ వైద్యపట్టాలకు బ్రిటన్ వైద్యమండలి 1975లో గుర్తింపు ఉపసంహరించేదాకా వారు అదనపు పరీక్ష లేకుండా అక్కడ నమోదు కాగలిగేవారు. శస్త్రచికిత్స నేర్చుకోవాలన్న ఆశతో వెళ్లినవారిలో చాలామంది స్థానిక వైద్యులు ఇష్టపడని వృద్ధుల వైద్యం, మానసిక వైద్యం వంటి శాఖల్లో, పారిశ్రామిక పట్టణాల్లో కుటుంబ వైద్యులుగా స్థిరపడ్డారు. వెయిటింగ్ లిస్టు మీద కన్సల్టెంటుకు ఉన్న అధికారం వారిలో చాలామందికి అందలేదు. ఆ జాబితాలోకి రోగిని పంపే ఉత్తరాలు రాయడం, ఇంకా పిలుపు రాలేదేమని అడిగే రోగికి సర్దిచెప్పడం వారి వంతయింది.

1970 దశకంలో జీతాల గొడవలూ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో డబ్బు చెల్లించే మంచాలు ఉండవచ్చా అన్న తగాదా, జూనియర్ వైద్యుల ఆందోళన, చివరికి 1978-79 శీతాకాలపు సమ్మెలూ కలిసి జాబితాను ఏడున్నర లక్షల దాకా తీసుకువెళ్లాయి. అసలు మలుపు 1987లో వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో ఒక పసిబిడ్డ గుండె ఆపరేషన్ శిక్షణ పొందిన నర్సులు చాలక పలుమార్లు వాయిదా పడింది. తల్లి కోర్టుకెక్కింది. డబ్బునూ సిబ్బందినీ ఎలా సర్దుకోవాలన్నది ఆరోగ్య సంస్థ నిర్ణయమని, అందులో తాము జోక్యం చేసుకోలేమని న్యాయమూర్తులు చెప్పారు. చట్టం దృష్టిలో వెయిటింగ్ లిస్టులో పేరు ఉండటం హక్కు కాదని అలా స్పష్టమైంది. కోర్టులో ఓడిన ఆ వ్యాజ్యం దినపత్రికల్లో గెలిచింది. రాయల్ కాలేజీలనే వైద్యుల వృత్తిసంఘాల్లో మూడింటి అధ్యక్షులు ఆ డిసెంబరులో ఎన్‌హెచ్‌ఎస్ దుస్థితి మీద బహిరంగ ప్రకటన చేశారు. ప్రధాని మార్గరెట్ థాచర్ 1988 జనవరిలో మొత్తం వ్యవస్థ మీద సమీక్షను ప్రకటించింది. 1991లో వెలువడిన పేషెంట్స్ చార్టర్ ఎవరూ రెండేళ్లకు మించి ఎదురుచూడనక్కరలేదని హామీ ఇచ్చింది. రెండేళ్లు అన్నది గొప్పగా ప్రకటించుకోదగిన హామీ కావడమే అప్పటి పరిస్థితికి నిదర్శనం.

1997 ఎన్నికల్లో లేబర్ పార్టీ జాబితా నుంచి లక్ష పేర్లు తగ్గిస్తామని వాగ్దానం చేసి గెలిచింది. 1998 నాటికి ఇంగ్లండు జాబితా తగ్గకపోగా 13 లక్షలకు చేరింది. లక్ష తగ్గించాలంటే సులభమైన దారి చిన్న ఆపరేషన్లు ఎక్కువ చేయడమే. పులిపిరి తీసినా ఒక పేరే పోతుంది, తుంటి మార్చినా ఒక పేరే పోతుంది. ఈ వక్రతను గుర్తించి ప్రభుత్వం 2000 జూలై నాటి ఎన్‌హెచ్‌ఎస్ ప్లాన్‌తో కొలబద్దనే మార్చింది. జాబితాలో ఎందరున్నారన్నది పక్కనపెట్టి, ఎంతకాలంగా ఉన్నారన్నది కొలవసాగింది. పద్దెనిమిది నెలల గరిష్ఠ పరిమితి ఏటేటా కుదించుకుంటూ 2005 చివరికి ఆరు నెలలకు దిగింది. అక్కడితో ఆగక, కుటుంబ వైద్యుడి ఉత్తరం అందిన రోజున గడియారం మొదలై చికిత్స ప్రారంభమైన రోజున ఆగాలని, మధ్యకాలం 18 వారాలు మించరాదని 2008 చివరికి కొత్త ప్రమాణం అమలయింది. ఔట్‌పేషెంటు గదికి ముందు, పరీక్షల మధ్య దాగిన నిరీక్షణ అరవై ఏళ్ల తరువాత మొదటిసారి లెక్కకెక్కింది. ఎన్‌హెచ్‌ఎస్ చరిత్రలో నిస్సందేహమైన విజయాల్లో ఇది ఒకటి. డబ్బు, గట్టి తనిఖీ ఒకేసారి కలిసివచ్చినప్పుడు వరుస కరుగుతుందని అది రుజువు చేసింది. పవెల్ నిరాశ అతిశయోక్తి అని కూడా రుజువు చేసింది.

అయితే గడువు తప్పితే ఆసుపత్రి అధిపతి ఉద్యోగమే పోయే పరిస్థితిలో లెక్కల గారడీ కూడా మొదలయింది. జాతీయ ఆడిట్ కార్యాలయం 2001 డిసెంబరులో ఇచ్చిన నివేదిక తొమ్మిది ఆసుపత్రి సంస్థలు జాబితాలను అనుచితంగా సవరించాయని, దానివల్ల దాదాపు 6,000 మంది రోగుల నమోదు దెబ్బతిన్నదని వెల్లడించింది. వాటిలో ఒకచోట అనుసరించిన పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. రోగికి ఫోన్ చేసి సెలవులకు ఎప్పుడు వెళతారని మర్యాదగా అడిగి తెలుసుకుని, సరిగ్గా ఆ రోజుల్లోనే ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేవారు. రోగి సహజంగానే రాలేనంటాడు. తేదీ ఇచ్చినా తానే కాదన్నాడు కనుక అతని నిరీక్షణను లెక్కలోంచి తప్పించేవారు. పదేళ్ల తరువాత స్కాట్లండులోని లోథియన్ ప్రాంతంలో ఇదే విద్య మరో రూపంలో బయటపడింది. ఎడిన్‌బరో రోగులకు సరిహద్దు దాటి ఇంగ్లండులో ఉన్న ఆసుపత్రిలో తేదీ ఇచ్చి, అంత దూరం పోలేమన్నవారిని అందుబాటులో లేనివారి కింద జమకట్టారు. బ్రిస్టల్ కంటి ఆసుపత్రి ఉదంతం ఇంకా బాధాకరం. కొత్త రోగులను గడువులోగా చూడాలన్న లక్ష్యం కోసం పాత రోగుల మళ్లీ చూపింపులను వాయిదా వేస్తూ పోగా, కనీసం 25 మంది చూపు కోల్పోయారని 2003లో పార్లమెంటు కమిటీ ముందు అక్కడి నిపుణుడే చెప్పాడు. మళ్లీ చూపింపుకు గడియారం లేదు, కనుక ఆ ఆలస్యం ఎక్కడా కనబడలేదు.

తప్పిపోయిన తేదీల వ్యవహారంలో కూడా లెక్కకు వచ్చేదానికీ రానిదానికీ మధ్య ఇదే అసమానత కనిపిస్తుంది. ఆపరేషన్ ఉన్న రోగి అర్ధరాత్రి నుంచి ఏమీ తినకుండా ఉండాలి. మంచం ఖాళీ ఉందో లేదో ఉదయాన్నే వార్డుకు ఫోన్ చేసి కనుక్కోవాలన్న నియమం చాలా ఆసుపత్రుల్లో ఉండేది. సంచి సర్దుకుని, పనికి సెలవు పెట్టి, తోడు వచ్చే మనిషిని ఏర్పాటు చేసుకుని, ఖాళీ కడుపుతో ఫోన్ దగ్గర కూర్చున్నవాడికి, రాత్రి అత్యవసర కేసులు వచ్చి మంచాలు నిండిపోయాయి, మళ్లీ ఉత్తరం వస్తుంది అన్న జవాబు దొరకడం మామూలే. శీతాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఇంగ్లండు ఆసుపత్రుల మంచాలు 1987-88లో దాదాపు 2,99,000 ఉండగా 2019-20 నాటికి దాదాపు 1,41,000కు తగ్గాయి. ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపే పద్ధతి పెరగడం, మానసిక రోగుల వార్డుల మూసివేత వంటి న్యాయమైన కారణాలు ఇందులో ఉన్నా, ఫ్లూ జ్వరాల కాలంలో ఆదుకునే ఖాళీ పక్కలు కూడా వాటితోపాటే పోయాయి. ఆసుపత్రి తన కారణాలతో చివరి రోజున ఆపరేషన్ రద్దు చేస్తే 28 రోజుల్లోగా మరో తేదీ ఇవ్వాలని 2002 నుంచి నియమం ఉంది. అంతకు కొద్దిరోజుల ముందు రద్దు చేస్తే మాత్రం ఆ నియమం వర్తించదు.

రోగి రాకపోతే దాన్ని హాజరు కాలేదన్న అర్థంలో మూడక్షరాల గుర్తుతో సరిపెడతారు. ఇటీవలి దశాబ్దంలో ఇంగ్లండులో ఏడాదికి దాదాపు 80 లక్షల ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు ఇలా వృథా అవుతున్నాయని ఎన్‌హెచ్‌ఎస్ ప్రకటించింది. 2022లో ప్రధాని పదవికి పోటీపడిన రుషి సునాక్ రానివారికి 10 పౌండ్ల జరిమానా అని ప్రకటించి, పదవిలోకి వచ్చాక ఆ మాట విరమించుకున్నాడు. ఉత్తరం ఆలస్యంగా అందినవారు, బస్సు సౌకర్యం లేనివారు, రోజుకూలీ పోగొట్టుకోలేనివారు రానివారిలో ఎంతమంది ఉన్నారో తేల్చకుండా జరిమానా మాట ఎత్తడం తొందరపాటే.

2010 తరువాత ఆరోగ్య బడ్జెట్ పెరుగుదల చరిత్రలో ఎన్నడూ లేనంత మందగించింది. 92 శాతం మంది నిరీక్షణ 18 వారాలలోపు ఉండాలన్న ప్రమాణం చివరిసారి నెరవేరింది 2016 ఫిబ్రవరిలో. అంటే కోవిడ్ రావడానికి నాలుగేళ్ల ముందే వ్యవస్థ కుంటుపడింది. 2020 ఫిబ్రవరిలో ఇంగ్లండు జాబితా సుమారు 46 లక్షలు. ఆ మార్చి 17న అత్యవసరం కాని శస్త్రచికిత్సలన్నీ వాయిదా వేయాలన్న ఉత్తర్వు వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా 2022 డిసెంబరు నుంచి నర్సులు, ఆ తరువాత జూనియర్ వైద్యులు జీతాల కోసం సమ్మెకు దిగగా పది లక్షలకు పైగా అపాయింట్‌మెంట్ల, ఆపరేషన్ల తేదీలు మారాయి. 2023 సెప్టెంబరులో జాబితా 77 లక్షలు దాటి శిఖరానికి చేరింది. ఒకే మనిషి రెండు మూడు జబ్బులకు రెండు మూడు చోట్ల లెక్కకు రావచ్చు కనుక మనుషుల సంఖ్య దాదాపు 65 లక్షలు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1998 నాటి 13 లక్షలు ఆసుపత్రిలో చేరి చేయించుకోవలసిన చికిత్సల లెక్క. 2023 నాటి 77 లక్షలు కుటుంబ వైద్యుడి ఉత్తరం నుంచి లెక్కించినవి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆరు రెట్లయిందని రాసే పత్రికలు వేర్వేరు వస్తువులను ఒకే తక్కెడలో తూస్తున్నాయి.

వరుస కేవలం ఉచిత వైద్యం ఫలితమే అయితే 2008లో అది 18 వారాలకు దిగేది కాదు. కేవలం కోవిడ్ ఫలితమే అయితే 2016లో ప్రమాణం తప్పేది కాదు. 2025 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించిన ప్రణాళిక ప్రకారం 92 శాతం ప్రమాణాన్ని మళ్లీ అందుకోవడానికి పెట్టుకున్న గడువు 2029 మార్చి.